తన ప్లేటును తానే తినే పెట్టె



గ్రామఫోను అనగానే మీలో చాలామందికి పెద్ద ఇత్తడి బూర, దాని ముందు చెవి రిక్కించి కూర్చున్న కుక్క గుర్తుకొస్తాయి. ఇవాళ నేను చెప్పబోయే గ్రామఫోనుకి బూర కనిపించదు. నడుమెత్తు చెక్క బీరువా అది. పైన మూత, ముందువైపు రెండు చిన్న తలుపులు, వాటి కింద పాటల ప్లేట్లు, అంటే రికార్డులు, నిలబెట్టుకునే అర, పక్కన ఓ కన్నం. ఆ కన్నంలో దూర్చి తిప్పడానికి వంకర ఇనప పిడి. పాతకాలపు ఇళ్ళలో దీన్ని చూసిన ఇప్పటి పిల్లలు మందుల బీరువా అనుకుంటారు, లేకపోతే కుట్టుమిషను అనుకుంటారు. మూత ఎత్తి చూపిస్తే గాని నమ్మరు.

మరి బూర లేకుండా పాట ఎలా వస్తుంది? బూర లేకపోలేదు, లోపల దాచారు. ముందున్న ఆ చిన్న తలుపుల వెనక తెరుచుకునేది బూర నోరే. ఈ ఏర్పాటు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని కాండెన్‌లో మొదలైంది. అక్కడ ఎల్‌డ్రిడ్జ్ జాన్సన్ అనే మెకానిక్కు ఉండేవాడు. అంతకు ముందు 1887లో ఎమిల్ బెర్లినర్ పళ్ళెం ఆకారపు రికార్డుకి పేటెంటు తీసుకున్నాడు. కానీ ఆయన తొలి యంత్రాన్ని పాట అయ్యేదాకా చేత్తో తిప్పుతూ కూర్చోవాలి. చెయ్యి అలిసి తిప్పడం నెమ్మదిస్తే శ్రుతి దిగిపోతుంది, ఉత్సాహం కొద్దీ జోరు పెంచితే పాడేవాడి గొంతు కీచుమంటుంది. 1896లో జాన్సన్ దానికి స్ప్రింగు మోటారు తయారుచేశాడు. 1901లో విక్టర్ టాకింగ్ మెషీన్ కంపెనీ పెట్టాడు. 1906లో బూరని చెక్కపెట్టె లోపలికి మళ్ళించి, విక్ట్రోలా అని పేరుపెట్టి అమ్మకానికి తెచ్చాడు.

ఎందుకలా మళ్ళించాడంటే, పైకి పొడుచుకొచ్చిన బూర సగం గదిని ఆక్రమించేది. దుమ్ము పట్టేది. వచ్చేపోయేవాళ్ళ భుజాలకి తగిలేది. ముందు గదిలో ఆ ఇనప పువ్వు వద్దని ఇంటి ఆడవాళ్ళు గొణిగారు. అదే చెక్కపని చేసిన బీరువా అయితే సోఫా పక్కన హుందాగా ఉంటుంది. జాన్సన్ లెక్క తప్పలేదు. తొలి విక్ట్రోలా ధర 200 డాలర్లు. రెండేళ్ళ తరవాత వచ్చిన ఫోర్డు మోడల్ టి కారు ధరే 850 డాలర్లని తెలిస్తే, ఆ పెట్టె ఎవరి ఇళ్ళకి వెళ్ళిందో ఊహించుకోవచ్చు. అయినా తెగ అమ్ముడుపోయింది. పాట వినేవాళ్ళు కొన్నారు. పాటతో పనిలేకపోయినా ఇంటికి అందమని కొన్నవాళ్ళూ తక్కువేం కాదు. ఈ రెండో రకం వాళ్ళ సంగతి చివర్లో మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఈ పెట్టెలో శబ్దం తగ్గించడానికి మీట ఏదీ లేదు. పసిపిల్ల నిద్రపోతుంటే ముందు తలుపులు దగ్గరగా వెయ్యాలి, అంతే. లేదా ప్లేటు మీద నడిచే ముల్లు సన్నటిది పెట్టాలి. లావు ముల్లుకి గట్టి శబ్దం, సన్న ముల్లుకి మెత్తటి శబ్దం. చిన్న రేకు డబ్బాల్లో రకానికొక డబ్బా అమ్మేవారు.

ఇప్పుడు పెట్టె లోపలికి చూద్దాం. పైన ప్లేటుని తిప్పే పళ్ళేన్ని జాగ్రత్తగా ఊడదీసి, దాని కింది పలకని ఎత్తితే మోటారు కనిపిస్తుంది. డబ్బా ఆకారంలో గుండ్రటి బ్యారెల్. అందులో అంగుళం వెడల్పున్న ఉక్కు పట్టీ, పది పదిహేను అడుగుల పొడవుది, చుట్లుచుట్లుగా చుట్టి ఉంటుంది. పెద్ద పెట్టెల్లో ఇలాంటివి రెండు, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటాయి. మీరు పక్కనున్న పిడితో కీ తిప్పుతుంటే ఆ పట్టీ బిగుసుకుంటుంది. వదిలితే విచ్చుకోవాలని చూస్తుంది. ఆ తొందరలోంచే పాట పుడుతుంది. కానీ దాన్ని ఇష్టానికి వదిలేస్తే క్షణాల్లో విప్పుకుపోతుంది. అందుకని పళ్ళచక్రాల వరస చివర ఒక గవర్నరు పెట్టారు. సన్నటి ఇరుసు, దాని చుట్టూ పల్చటి స్ప్రింగు రేకుల మీద మూడు చిన్న లోహపు గుండ్లు. ఇరుసు జోరుగా తిరిగేకొద్దీ, రంగులరాట్నం ఊపందుకుంటే తొట్లు బయటికి లేచినట్టు, ఆ గుండ్లు పక్కలకి లేస్తాయి. అవి లేస్తుంటే ఇరుసు మీదున్న బిళ్ళ జరిగివచ్చి ఒక తోలు ముక్కకి రాసుకుంటుంది. వేగం అదుపులో పడుతుంది. వేగం తగ్గితే గుండ్లు దిగుతాయి, రాపిడి తగ్గుతుంది. మళ్ళీ వేగం అందుకుంటుంది. కరెంటు లేదు, తీగ లేదు. మూడు గుండ్లూ ఒక తోలు ముక్కా కలిసి పళ్ళేన్ని నిమిషానికి 78 చుట్లు తిప్పుతున్నాయి. ఎవరికైనా అనుమానం ఉంటే ప్లేటు అంచు కింద చిన్న కాగితం ముక్క పెట్టి, చేతిగడియారం చూసుకుంటూ చుట్లు లెక్కపెట్టుకోవచ్చు. పాతరోజుల్లో వేగం సరిచూసుకునే పద్ధతే అది.

పాట మధ్యలో లోపల్నించి 'ఢబ్' అని చప్పుడొస్తే కంగారు పడకండి. స్ప్రింగు చుట్ల మధ్య వేసిన గ్రీజు దశాబ్దాల తరబడి ఎండి గట్టిపడితే, చుట్లు అంటుకుపోయి ఒక్కసారిగా విడిపోతాయి. ఆ చప్పుడే అది. పాత గ్రీజు కడిగించి కొత్తది పెట్టిస్తే పోతుంది. అయితే ఆ బ్యారెల్‌ని మాత్రం మీరు విప్పకండి. బిగిసి ఉన్న ఉక్కు పట్టీ బయటికి ఎగిరితే చేతివేళ్ళు కోసుకుపోతాయి. పని తెలిసినవాడు చేతులకి తోలు తొడుగులు వేసుకుని, పట్టీని ఒక్కొక్క చుట్టే బయటికి వదులుతాడు. అలా చేసేవాణ్ణి దగ్గర కూచుని చూశాను. ఆ కాసేపూ ఆయన ఒక్క మాట మాట్లాడలేదు, నన్నూ మాట్లాడనివ్వలేదు.

ఇక పాట పలికే చోటు సౌండ్ బాక్సు. పాలకోవా బిళ్ళంత ఉంటుంది. పాతవాటిలో మధ్యన అభ్రకం పొర ఉంటుంది, తరవాతివాటిలో అల్యూమినియం రేకు. గూడూరు వైపు వాళ్ళకి అభ్రకం గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. ప్లేటు మీది గాడిలో ముల్లు పక్కలకి కదులుతుంది, ఆ కదలిక ఒక చిన్న కడ్డీ మీదుగా పొరకి చేరుతుంది, పొర గాలిని కదుపుతుంది, బూర ఆ గాలికి గొంతునిస్తుంది. అంతకు మించి ఇంకేమీ లేదు. పెద్ద గదిలో ఉన్నవాళ్ళందరికీ వినిపించే పాట, ఒక ముల్లు వణుకు నుంచి పుడుతోంది.

వణుకుతో పాటు బరువు కూడా ఉంది. ఇవాళ్టి రికార్డు ప్లేయర్లలో ముల్లు ప్లేటు మీద మోపే బరువు నాలుగైదు గ్రాములు మించదు. ఈ సౌండ్ బాక్సు నూరు గ్రాములకి పైగా మోపుతుంది. అంత బరువు మోపుతూ ఉక్కు ముల్లు తిరిగితే ప్లేటు ఏమవుతుంది? అది తెలియాలంటే ప్లేటు దేనితో చేశారో తెలియాలి.

ప్లేటు లక్కతో చేశారు. ఏటికొప్పాకలో బొమ్మలకి రంగు పట్టించే లక్క, లాడ్‌బజారులో గాజులు చేసే లక్క, అదే. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు గూడు కట్టుకునే జిగురు. ఛోటానాగపూర్ అడవుల్లో గిరిజనులు కొమ్మలు కొట్టి, గీకి, పోగుచేసిన లక్క కలకత్తా రేవులో ఓడలెక్కి ప్రపంచమంతా వెళ్ళేది. అమెరికాలో ఒపేరా పాడినా, లండన్‌లో బ్యాండు వాయించినా అది నిలిచింది మన అడవి జిగురు మీదే. రెండో ప్రపంచ యుద్ధంలో లక్క దొరకడం కష్టమైతే అమెరికాలో పాత ప్లేట్లు ఇంటింటా వసూలు చేసి, కరిగించి, కొత్తవి పోశారు. ఇంకో సంగతి, ఆ చెక్కపెట్టెకి కొట్టిన మెరుపు పాలిష్ ఉంది చూశారూ, స్పిరిట్లో కరిగించిన ఆ లక్కే అదీను.

కానీ ప్లేటులో లక్క పాలు తక్కువ. ఎక్కువ భాగం మెత్తగా దంచిన రాతిపొడి. నలుపు కోసం మసి, పట్టు కోసం కాస్త నూలు పీచు. ఆ రాతిపొడి ఎందుకంటే, గాడిలోకి దిగిన ముల్లు మొనని అది అరగదియ్యాలి. మొదటి కొన్ని చుట్లలోనే మొన అరిగి, గాడి ఆకారానికి సరిగ్గా కుదురుకుంటుంది. అంటే ముల్లుని అరగదీసే గుణం ప్లేటులో కావాలనే పెట్టారు. మూడు నిమిషాల పాట అయ్యేసరికి ముల్లు మొండిబారి, దాని అంచులు ఉలి అంచులై ఉంటాయి. అందుకే ఒక వైపు అయిపోగానే ముల్లు తీసి పారేసి కొత్తది పెట్టాలని కంపెనీలవాళ్ళు మొత్తుకునేవారు. మనవాళ్ళు వింటేనా! ఒక్క ముల్లుతో పది ప్లేట్లు లాగించిన ఇళ్ళెన్నో. ముల్లు డబ్బా ఆదా అయింది, ప్లేట్లు పాడయ్యాయి. అరిగిన ప్లేటుని దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. నల్లగా నిగనిగలాడాల్సిన గాళ్ళు బూడిదరంగు తిరిగి ఉంటాయి. గాయకుడు గొంతెత్తిన చోట ఆ బూడిద ఇంకా చిక్కగా ఉంటుంది. ఎక్కడ బాగా పాడాడో, జనం ఎక్కడ పదేపదే వెనక్కి పెట్టి విన్నారో, సరిగ్గా అక్కడే తినేసింది యంత్రం.

మన దేశానికి ఈ యంత్రం వెనకాలే రికార్డింగూ వచ్చింది. లండన్‌లో 1898లో పుట్టిన గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తా వచ్చి, ఆ నవంబరులో గౌహర్ జాన్ పాట పట్టుకున్నాడు. అప్పటికి మైకు లేదు. పెద్ద బూర ముందు నిలబడి, గొంతు చించుకుని పాడితే, ఆ ఊపు మైనపు పలక మీద గీతై దిగేది. ఆ పలకలు ఓడలో జర్మనీలోని హానోవర్‌కి వెళ్ళి ప్లేట్లుగా తిరిగొచ్చేవి. గంటసేపు సాగే రాగాన్ని గౌహర్ జాన్ మూడు నిమిషాల్లోకి కుదించి, చివర్న ఇంగ్లీషులో తన పేరు తానే చెప్పుకునేది. ప్లేట్లు పోసే పరాయి దేశపువాళ్ళకి ఇది ఎవరి పాటో తెలియాలి కదా. 1908లో కలకత్తాలోని సియాల్దాలోనే ప్లేట్ల కార్ఖానా పెట్టారు, తరవాత అది డమ్‌డమ్‌కి మారింది.

ఆ కంపెనీ ప్లేట్ల మీది కుక్క సంగతి ఒక్కమాటలో చెప్పి ముందుకెళ్తాను. దాని పేరు నిప్పర్. బొమ్మ గీసిన ఫ్రాన్సిస్ బారో మొదట దాని ముందు గీసింది గ్రామఫోను కానే కాదు, గొట్టం రికార్డుల ఫోనోగ్రాఫు. 1899లో గ్రామఫోన్ కంపెనీవాళ్ళు మా యంత్రం గీస్తే కొంటామన్నారు. ఆయన పాత యంత్రం మీదే రంగు పూసి కొత్తది గీసిచ్చాడు. అలా పుట్టింది మన కుక్కబొమ్మ ప్లేటు.

తెలుగువాళ్ళ దగ్గరికి ఈ పెట్టె వచ్చేనాటికి ఇక్కడ పద్యనాటకం వెలిగిపోతోంది. నాటకాలవాళ్ళ గొంతులు గ్రామఫోనుకి పుట్టుకతోనే సరిపోయాయని నా అభిప్రాయం. మైకు లేని పందిట్లో ఆఖరి వరసలో చాపేసుకున్నవాడికి వినిపించేలా పాడడం అలవాటైన వాళ్ళకి ఇనప బూర ముందు పాడడం ఏం లెక్క? కపిలవాయి రామనాథశాస్త్రి గారి పద్యాలు, సత్యభామగా స్థానం నరసింహారావు గారి పాట, తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాల్లోని రాయబారం పద్యాలు ఊరూరా ప్లేట్లుగా తిరిగాయి. నాటకాల పందిట్లో వన్స్‌మోర్ అని అరిచి, ఈలలేసి అడిగితే గాని మళ్ళీ పద్యం రాదు. ఇంట్లో అయితే ముల్లెత్తి వెనక్కి పెడితే చాలు, ఎన్ని వన్స్‌మోర్లంటే అన్ని.

మూడు నిమిషాల కొలత పద్యాన్ని పాడుచేసిందనేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. రంగస్థలం మీద చివరి పాదం పట్టుకుని, హార్మోనియం అలిసేదాకా రాగం తీసే అలవాటు ముదిరిపోయింది. ప్లేటు దానికి కళ్ళెం వేసింది. ప్లేటు మీద పద్యం అర్థమవుతుంది, మాట విడిగా వినిపిస్తుంది. కవికి అంతకన్నా కావాల్సిందేముంది?

ఆ తరవాత లలితగీతాలొచ్చాయి. రావు బాలసరస్వతీదేవి చిన్నపిల్లగా ఉన్నప్పుడే రికార్డుకి పాడారు. శంకరంబాడి సుందరాచారి గారి 'మా తెలుగు తల్లికి' గీతం సినిమా కోసం రాసినా, జనంలోకి వెళ్ళింది టంగుటూరి సూర్యకుమారి గొంతులో, గ్రామఫోను ప్లేటు మీద. కరుణశ్రీ గారి 'పుష్పవిలాపం' పుస్తకంలో చదివినవాళ్ళ కన్నా ఘంటసాల ప్లేటులో విని కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళే ఎక్కువ. సినిమాలకీ ఈ ప్లేట్లకీ చుట్టరికం దగ్గరిది. ఎ.వి.ఎం. స్టూడియో పెట్టిన మెయ్యప్పన్ గారు అంతకు ముందు మద్రాసులో సరస్వతీ స్టోర్స్ పేరుతో గ్రామఫోను రికార్డులు అమ్మినవారు.

చెక్కపెట్టెకి అసలైన కంఠం వచ్చింది మాత్రం 1925లో. మైకుతో రికార్డు చెయ్యడం ఆ ఏడే మొదలైంది. కొత్త ప్లేట్లలోని మంద్రాన్నీ తారాన్నీ పలికించడానికి పాత పెట్టె చాల్లేదు. బెల్ ప్రయోగశాలల ఇంజనీర్లు బూర ఎంత పొడుగుండాలో, ఏ లెక్కన వెడల్పవ్వాలో గణితం కట్టి తేల్చారు. ఆరడుగుల బూరని పెట్టెలో మడతలు పెట్టి పట్టించారు. విక్టర్ వాళ్ళ ఆర్థోఫోనిక్ పెట్టె అలా వచ్చింది. రెండేళ్ళకి కుక్కబొమ్మ గ్రామఫోన్ కంపెనీ, అంటే ఎచ్.ఎం.వి. వాళ్ళూ అదే దారి పట్టారు. ఇలాంటి పెట్టె ఒకటి మంచి స్థితిలో ఉన్నది దొరికితే వినండి. కరెంటు వాసన లేకుండా ఇంత నిండు గొంతా అని ఆశ్చర్యపోతారు. కానీ అప్పటికే రేడియో వచ్చేసింది. 1929లో విక్టర్ కంపెనీని రేడియో కంపెనీ అయిన ఆర్.సి.ఎ. కొనేసింది. రేడియోలో కూచుని ఈ మాట చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి.

అయినా మన దేశంలో ఈ కీ పెట్టెలు అంత తొందరగా పోలేదు. కారణం సంగీతాభిమానం కాదు, ఊళ్ళకి కరెంటు రాకపోవడం. పడమటి దేశాలు 78 చుట్ల ప్లేట్లు మానేసిన చాలా ఏళ్ళకి కూడా మనం పోస్తూనే ఉన్నాం. బీటిల్స్ పాటలు కూడా 78 చుట్ల ప్లేట్లుగా ఇక్కడ అచ్చయ్యాయి. ప్రపంచంలో వాటి కోసం ఇప్పుడు వెతుక్కునేవాళ్ళున్నారు.

ఇక ఇందాక గుర్తుంచుకోమన్న రెండో రకం వాళ్ళ దగ్గరికి వద్దాం. ఇంటికి అందమని కొనేవాళ్ళు ఇవాళ మరీ ఎక్కువయ్యారు. వాళ్ళ కోసమే బజారులో కొత్త గ్రామఫోన్లు తయారవుతున్నాయి. తళతళలాడే ఇత్తడి బూర, ఎనిమిది మూలల చెక్కపెట్టె, దాని మీద కుక్కబొమ్మ బిళ్ళ, లోపల ఏదో పాడైన సూట్‌కేసు గ్రామఫోను నుంచి ఊడదీసిన మోటారు. 'నూరేళ్ళ నాటిదండీ' అంటాడు అమ్మేవాడు. బూర పైకున్న ఆ నకిలీల కన్నా, ఎవరూ పట్టించుకోని పాత చెక్క బీరువాలే నమ్మదగ్గవి. మూత కింద పేరుబిళ్ళా నంబరూ ఉన్నాయా, సౌండ్ బాక్సు చేయి పగుళ్ళు లేకుండా ఉందా, కీ తిప్పితే బిగుస్తోందా చూసుకోండి. చెక్కకి చెదలుంటే ఇంట్లోకి తేకండి.

అయితే అసలు చెప్పాల్సింది పెట్టె గురించి కాదు. పెట్టెలు బతికిపోయాయి. హాల్లో నిలబెట్టుకోవడానికి బాగుంటాయి గనక వాటికి ఏ లోటూ లేదు. ప్లేట్లే పోయాయి. చెయ్యి జారి పగిలినవి కొన్ని, ఎండలో పెడితే వంగిపోయినవి కొన్ని, అరిగిన ముల్లు తినేసినవి చాలా. మిగిలినవి ఇల్లు మారినప్పుడో, అన్నదమ్ములు పంచుకున్నప్పుడో పాత సామాన్లవాడి బస్తాలో పడ్డాయి. ఫలానా సమాజం నాటకం ప్లేట్ల సెట్టు ఆరింట్లో నాలుగు దొరికాయని పొంగిపోయే స్థితికొచ్చాం.

అందుకని ఓ మాట. మీ అటకల మీద, ఇనప్పెట్టెల్లో అలాంటి ప్లేట్లుంటే కిందికి దించండి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలబెట్టి ఉంచండి. మురికి పట్టి ఉంటే చల్లటి నీళ్ళలో చుక్క సబ్బు కలిపి, మధ్యనున్న కాగితం తడవకుండా మెత్తటి గుడ్డతో తుడవండి. స్పిరిట్ మాత్రం తగలనివ్వకండి, లక్క కరిగిపోతుంది. పెట్టెకీ అదే జాగ్రత్త. అన్నిటికన్నా ముఖ్యం, అరుదైన ప్లేటుని ముచ్చటపడి ఆ చెక్కపెట్టె మీద వెయ్యకండి. అందులో మామూలు సినిమా పాటల ప్లేట్లు వేసుకోండి, ప్రతి వైపుకీ కొత్త ముల్లు పెట్టండి. పద్యాల ప్లేట్లూ, పేరు తెలియని గాయకుల ప్లేట్లూ 78 చుట్ల ముల్లున్న తేలికపాటి ప్లేయరు మీద ఒక్కసారి వేయించి, కంప్యూటర్లోకి ఎక్కించండి. ఎక్కించాక ప్లేటుని పారేయకండి. కాగితం మీదున్న కంపెనీ పేరు, నంబరు, పాడినవాళ్ళ పేరు ఓ పుస్తకంలో రాసి పెట్టండి. ఆ పని వేసవి సెలవుల్లో ఇంటికొచ్చే పిల్లల చేత చేయించండి.